వస్తానన్న మాట

కుట్టుమిషను గది నుంచి

సిస్టరు గారికి,

మీరు వస్తానన్నారు. రాలేదు. అది అడుగుదామనే ఈ ఉత్తరం.

నేనెవరో గుర్తుందో లేదో. జ్వరాల వార్డులో కిటికీ పక్క మంచం. స్టూలు మీద కూర్చుని ఉండేదాన్ని. మంచం మీద ఉన్నది నా కూతురు, గుండ్రటి మొహం పిల్ల. పుట్టినప్పటి నుంచీ దాన్ని బొత్తాం అనే పిలుస్తాం. మేము చేరిన మర్నాటి నుంచే మీరు కూడా అలా పిలిచారు. బస్‌స్టేషనులో విచారణ అని బోర్డున్న కిటికీ వెనక కూర్చుని, ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే ఉద్యోగం దానిది. జ్వరం రక్తంలోకి పాకిందని డాక్టర్లు చేర్చుకున్నారు. ఇక నా కూతురు నాతో ఇంటికి రాలేదు.

నేను పెద్దగా చదువుకోలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఫోను చేద్దామనుకుంటే గొంతు పూడుకుపోతోంది. కాగితమైతే ఆగిన చోట నుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు, దారం తెగిన చోట మళ్ళీ సూది దించినట్టు.

ఆసుపత్రి నుంచి ఒక కాగితం వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం పడాల్సిన ఇంజక్షను ఆలస్యంగా పడిందట. దాని మీద విచారణట. నేను వచ్చి చెప్పాలట. విచారణ అంటే నాకు తెలిసింది నా బొత్తాం కూర్చున్న కిటికీ ఒక్కటే. మా తమ్ముడు చదివి వివరంగా చెప్పాడు. సిస్టరు వస్తానని చెప్పి రాలేదు అనే ఒక్క ముక్క చెప్పక్కా, చాలు, ఆమె ఉద్యోగం ఊడుతుంది అన్నాడు. వాడికి మేనకోడలంటే ప్రాణం. ఇప్పుడా ప్రాణం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోపంలో పెట్టుకున్నాడు.

చెబుతాను. జరిగిందే కదా. కానీ వాళ్ళకు చెప్పే ముందు మిమ్మల్ని అడగాలనిపించింది. మీ చేత్తో సూది పడితే నొప్పే తెలియదనేది అది. మిమ్మల్ని మంచివారనుకున్నాం. ఎందుకు రాలేదు?

జవాబు రాయకపోయినా చదివారని తెలిస్తే చాలు. కాదు, చాలదు. రాయండి.

బొత్తాం వాళ్ళమ్మ

*

నర్సుల హాస్టలు నుంచి

అమ్మగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. విచారణ పూర్తయ్యేదాకా రోగుల తరఫు వాళ్ళకు ఉత్తరాలు రాయవద్దని చెప్పారు. అందువల్ల ఎక్కువ రాయలేను.

ఆ రోజు నా డ్యూటీ మధ్యాహ్నంతో అయిపోయింది. అప్పటికి మీ అమ్మాయి ఇంజక్షను కింది మందుల స్టోరు నుంచి ఇంకా రాలేదు. తర్వాతి డ్యూటీ సిస్టరుకు విషయం చెప్పి, పని అప్పగించి వెళ్ళాను. మళ్ళీ వస్తానని నేను మీతో చెప్పలేదు. డ్యూటీ అయిపోయాక అలా చెప్పే వీలే లేదు.

మర్నాడు వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. చాలా బాధ కలిగింది. మీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి.

వార్డు సిస్టరు

*

కుట్టుమిషను గది నుంచి

సిస్టరు గారికి,

చెప్పలేదా? నేను ముసలిదాన్నే కానీ చెవిటిదాన్ని కాదు.

మీరు మంచం దగ్గరికి వచ్చారు. సెలైను బాటిల్ చూశారు. దాని నుదుటి మీద చెయ్యి పెట్టారు. మందు కింద నుంచి రావాలి బొత్తాం, అందాక నీళ్ళు తాగుతూ ఉండు అన్నారు. చేతిలో మీ సంచీ ఉంది. తర్వాత నా వైపు తిరిగి "వస్తానమ్మా" అన్నారు. నవ్వారు కూడా. నేను తల ఊపాను. మీరు అలా వెళ్ళారు.

మీరు వెళ్ళగానే అది చొక్కా చెయ్యి పైకి మడుచుకుంది. ఇప్పటి నుంచే ఎందుకే అంటే, వచ్చేసరికి సిద్ధంగా ఉండాలమ్మా, పాపం ఆమెకు ఎన్ని మంచాలో అంది. చెయ్యి దిండు మీద చాపి పెట్టుకుని తలుపు వైపు చూస్తూ పడుకుంది.

తర్వాత జోకులు వేసింది కూడా. ఒళ్ళు కాలిపోతున్నా నోరు ఊరుకోదు దానికి. "అమ్మా, నేను రోజంతా కిటికీలో కూర్చుని ఏం చెబుతాను? వస్తోందండీ, వచ్చేస్తోందండీ. బస్సు ఎక్కడుందో నాకే తెలీదు. ఇప్పుడు నాకే చెప్పేవాళ్ళు దొరికారు" అంది. అయితే ఈమె చెప్పింది కూడా నీ బస్సు లాంటిదేనా అంటే, ఛ, ఈమె వస్తుందమ్మా, ఈమె మాట వేరు అంది.

కళ్ళద్దాల సిస్టరు ఒకామె వచ్చింది మధ్యలో. ఇంజక్షను సంగతేమైంది అని నన్నడిగింది. పొద్దుటి సిస్టరు వస్తానంది అని చెప్పాను. ఓహో సరే అని వెళ్ళిపోయింది. పక్క మంచం పెద్దమ్మ, పళ్ళు లేకపోయినా గొంతు మాత్రం మా మిషను కంటే గట్టిది, ఆమె కూడా అంది, ఎవరినో ఒకరిని కేకెయ్యవే, ఎంతసేపు చూస్తావు అని. నేనే వద్దన్నాను. వస్తానన్న మనిషిని నమ్మకపోతే బాగుండదు కదా, ఆమెకు తెలిస్తే నొచ్చుకుంటుంది కదా అన్నాను.

ఎండ కిటికీ దాటి గోడ మీదికి పోయింది. దాని చెయ్యి అలాగే దిండు మీద ఉంది.

చివరికి కళ్ళద్దాల సిస్టరే పరిగెత్తుకుంటూ వచ్చి చేసింది. అప్పటికే దానికి వణుకు. సాయంత్రానికి ఐసీయూలోకి తీసుకుపోయారు. తెల్లారకుండానే నా బొత్తాం రాలిపోయింది.

చెప్పలేదని మీరు ఎలా అంటారు? అబద్ధం ఎందుకు? మీరు రాలేకపోయానని రాసి ఉంటే, ఏదో అడ్డం పడిందిలే అనుకునేదాన్ని. చెప్పనే లేదన్నారు. ఇప్పుడు మా తమ్ముడు చెప్పిందే నిజమనిపిస్తోంది.

బొత్తాం వాళ్ళమ్మ

*

నర్సుల హాస్టలు నుంచి

అమ్మా,

రాయవద్దన్నా రాస్తున్నాను. ఈసారి అమ్మగారు అని రాయలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి.

మీ ఉత్తరం చదివి నాకూ కోపం వచ్చింది. అనని మాట అన్నానంటున్నారేమిటి అనుకున్నాను. ఆ రోజంతా మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్నాను. నుదుటి మీద చెయ్యి పెట్టడం గుర్తుంది. నీళ్ళు తాగమనడం గుర్తుంది. వస్తాననడం ఎంత వెతికినా లేదు.

మొన్న సాయంత్రం సబ్బు కొనుక్కుందామని గదిలోంచి బయటికి వస్తూ, చెప్పులు వేసుకుంటూ, గదిలో ఉండే అమ్మాయితో "వస్తానే" అన్నాను. మెట్లు దిగుతుంటే ఆ మాట నాకే వినబడింది. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

అన్నానమ్మా. మీతో అనే ఉంటాను. సంచీ చేతిలో పట్టుకుని, డ్యూటీ దిగి వెళ్ళేటప్పుడు అందరితో అన్నట్టే అన్నాను. వెళ్తున్నాను అనకూడదు కదా. చిన్నప్పుడు బడికి వెళ్తూ పోతున్నానమ్మా అంటే మా అమ్మ వెనక్కి పిలిచి, వెళ్ళొస్తాను అనిపించాకే పంపేది. అలా నోటికి అంటుకుపోయిన మాట అది. నేను సెలవు తీసుకున్నాను. మీరు మందుతో వస్తానని విన్నారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. అదే నన్ను ఇంకా తినేస్తోంది. అబద్ధం అయి ఉంటే తప్పు ఒప్పుకుని ఊపిరి పీల్చుకునేదాన్ని.

మందు ఎందుకు ఆలస్యమైందో కూడా చెబుతాను, మీకు తెలిసే హక్కు ఉంది. పొద్దున రక్త పరీక్ష చూసి డాక్టరు పాత మందు మార్చారు. కొత్త మందు మా వార్డులో లేదు. కింద స్టోరుకు చీటీ పంపాం. లిఫ్టు పాడైంది, ఆయా అన్ని వార్డుల మందులూ ఒక్క బుట్టలో వేసుకుని మెట్ల మీద ఎక్కాలి. ఈలోగా ఇద్దరు కొత్త రోగులు వచ్చారు. డ్యూటీ మారే వేళ మా వార్డులో ఎప్పుడూ సంతలా ఉంటుంది. పోయేవాళ్ళం, వచ్చేవాళ్ళం కౌంటరు దగ్గర నిలబడి అప్పగింతలు చేసుకుంటాం, మంచాల దగ్గర కాదు. కిటికీ పక్క మంచానికి కొత్త ఇంజక్షను రావాలి, రాగానే వెయ్యాలి అని కళ్ళద్దాల సిస్టరుకు చెప్పాను. ఆమె విన్నది. అంతలోనే తలుపు దగ్గర మంచం అబ్బాయికి ఫిట్స్ వస్తే అక్కడికి పరిగెత్తింది.

మందు వచ్చింది. కౌంటరు మీద మిగతా ట్రేల మధ్య పెట్టి ఆయా వెళ్ళిపోయింది. కళ్ళద్దాల సిస్టరు మీ దగ్గరికి వస్తే, పొద్దుటి సిస్టరు వస్తానంది అన్నారు మీరు. మిగిలిన పని పూర్తి చేసి వెళ్ళడం మాకు అలవాటే. పొద్దుటి సిస్టరు ఇంకా వెళ్ళలేదు, ఆమే వచ్చి వేస్తుంది అనుకుంది. ఆ మాట మీకూ ఆమెకూ మధ్య అలా నిలబడిపోయింది. నేను అప్పటికి హాస్టలుకు వెళ్ళే బస్సులో ఉన్నాను. కిటికీ పక్క సీటు దొరికితే నిద్రపోయాను.

మీరు అడగలేదు కానీ అడగాలనుకున్నది నాకు తెలుసు. వేళకు పడి ఉంటే బతికేదా అని. తెలియదమ్మా. జబ్బు అప్పటికే ముదిరిందని ఒక డాక్టరు అంటారు. ప్రతి ఘడియా లెక్కేనని ఇంకొకరు అంటారు. నేను ఎవరి మాటా మీకు మందులా ఇవ్వలేను.

మీరు విచారణలో ఏం చెప్పాలో నేను చెప్పను. వస్తానంది, రాలేదు. మీరు ఆ ఒక్క ముక్కే చెప్పినా అది నిజమే.

మీ

సిస్టరు

*

కుట్టుమిషను గది నుంచి

అమ్మాయీ,

చాలా రోజులు జవాబు రాయలేదు. బళ్ళు తెరిచే కాలం, యూనిఫారాలు కుట్టే పని మీద పడింది. అది సాకు. నీ ఉత్తరం మిషను సొరుగులో పెట్టాను, సొరుగు తీసినప్పుడల్లా కనబడేది, మూసేసేదాన్ని. మీరు అనడం మానేశాను, చూశావుగా. నా కూతురి కంటే ఏమంత పెద్దదానివి కావు.

మా తమ్ముడికి చదివి వినిపించాను. నాటకం అన్నాడు. తెలివైన పిల్ల, మాట మీదికి తోసేసి చేతులు దులుపుకుంది అన్నాడు. నేను కూడా మొదట అదే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. ఎవరో ఒకరి మీద కోపం ఉంటే పొద్దున లేవడానికి ఒక పని ఉంటుంది.

అయితే నువ్వు రాసినప్పటి నుంచి నా చెవులు పాడైపోయాయి. అందరూ అదే మాట. పాలు పోసేవాడు వస్తానమ్మా అంటాడు. దారాలు అమ్మేవాడు వస్తానక్కా అంటాడు, మళ్ళీ నెల దాకా మొహం చూపించడు. బట్టలు ఇచ్చి వెళ్ళేవాళ్ళు వస్తామంటారు. ఒక్కరు కూడా ఉత్త వెళ్తాను అనరు. మా తమ్ముడు నీ ఉత్తరాన్ని నాటకం అని తిట్టి, లేచి చొక్కా దులుపుకుని, గుమ్మం దాటుతూ, వస్తానక్కా అన్నాడు. నాకు నవ్వొచ్చింది. బొత్తాం పోయాక అదే మొదటిసారి. నవ్వు మధ్యలోనే ఏడుపు అయింది అనుకో.

నిన్న కొట్టుకు బయలుదేరి తాళం వేస్తూ నేనే అన్నాను. వస్తానే, అని. లోపల ఎవరూ లేరు. అన్నేళ్ళు రోజూ అన్న మాట కదా, నోరు దాని దారిన అది అనేసింది. తాళంచెవి చేతిలో పట్టుకుని జవాబు కోసం నిలబడ్డాను. లోపలి నుంచి, సరేనమ్మా, గొడుగు తీసుకున్నావా, అనేది అది. ఎండాకాలంలో కూడా అడిగేది, నన్ను ఉడికించడానికి.

ఇంకొకటి నీకు రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. ఐసీయూలోకి తోసుకుపోతున్నప్పుడు, ఆ తలుపు దగ్గర అది కళ్ళు తెరిచింది. వస్తానమ్మా, అంది. బాగానే వినబడింది. అంతలో ఎవరో కాగితం పెట్టి సంతకం అన్నారు. పేరు రాయడం నాకు కాస్త టైము పడుతుంది. తలెత్తేసరికి తలుపు మూసుకుపోయింది.

వస్తానన్నవాళ్ళకు ఏం చెబుతాం మనం? వెళ్ళిరా అంటాం. వెళ్ళు అని ఊరుకోం, రా అని కూడా కలుపుతాం. అప్పటికి కానీ మాట పూర్తి కాదు. ఆ వెళ్ళిరా నా గొంతులో అలాగే ఉండిపోయింది. అన్నం తింటే అడ్డం పడుతుంది. ఎవరికి చెప్పాలి దాన్ని? ఎంతకాలం దాచాలి?

అది నీలాగే అందా, సెలవు తీసుకుందా, లేక నిజంగా వస్తాననే అనుకుందా? రోజూ ఇదే ఆలోచన. నాకు మాత్రం ఇప్పటికీ బస్సు వచ్చే వేళకు చెవి అటే పోతుంది. చెప్పులు విప్పుతున్న చప్పుడు ఎవరింట్లో అయినా సరే, మిషను ఆపేస్తాను.

విచారణ వచ్చే వారంలోనే. ఏం చెప్పాలో నాకు ఇంకా తేలలేదు. నీకు అబద్ధం రాయలేను.

బొత్తాం వాళ్ళమ్మ

*

ఆసుపత్రి బట్టల స్టోరు నుంచి

అమ్మా,

చూశారా, నా చిరునామా మారింది. విచారణ అయ్యేదాకా నన్ను వార్డులోంచి తీసి దుప్పట్లు, దిండు గలీబులు లెక్కపెట్టే గదిలో వేశారు. ఇక్కడ ఎవరికీ సూది వెయ్యక్కర్లేదు. దిండ్లు ఎదురుచూడవు.

మీరు రాసిన ఐసీయూ తలుపు మాట చదివి ఆ రోజు ఇంకేమీ చెయ్యలేకపోయాను.

వార్డులో కొత్త పద్ధతి పెట్టారట. డ్యూటీ దిగేవాళ్ళు ప్రతి మంచం దగ్గరా నిలబడి స్పష్టంగా "నేను వెళ్ళిపోతున్నాను" అని చెప్పాలట. పెద్ద సిస్టరే మొదట చేసి చూపించారట. మీ పక్క మంచం పెద్దమ్మ, ఆమె మళ్ళీ చేరింది, ఊరుకుంటుందా? "ఆసుపత్రిలో పొద్దు గూకే వేళ వెళ్ళిపోతున్నాను అంటావా, నీ నోట్లో మన్ను పొయ్య, ముందు ఆ మాట వెనక్కి తీసుకో" అని మొదలుపెట్టిందట. పెద్ద సిస్టరు నచ్చచెప్పబోతే, నువ్వు వెళ్ళిపోతే వెళ్ళిపో, నా మంచం దగ్గర అనకు, మా మంచాల్లో ముందే ఒకరిద్దరం బయలుదేరి ఉన్నాం అందట. వార్డంతా నవ్వులు. మర్నాడు ఒక్క సిస్టరు కూడా నోరు విప్పకుండా దిగిపోయారట. ఇప్పుడు వస్తానని చెప్పేవాళ్ళూ లేరు, వెళ్తానని చెప్పేవాళ్ళూ లేరు.

నేనూ అంతే అయిపోయాను. గదిలోంచి వెళ్ళేటప్పుడు మూగదానిలా వెళ్తున్నాను. ఫోను పెట్టేసేటప్పుడు ఏమీ అనకుండా పెట్టేస్తున్నాను. మా అమ్మ అడిగింది, ఏమే, ఈమధ్య మాట మధ్యలో గోడకు కొట్టినట్టు పెట్టేస్తున్నావు, నా మీద అలిగావా అని.

రాజీనామా రాసి దగ్గర పెట్టుకున్నాను. మీ విచారణతో దానికి సంబంధం లేదు. మీరు నా వైపు చెప్పినా ఇస్తాను. ఒక మనిషి చెయ్యి చాపి, నేను వస్తానని తలుపు చూస్తూ పడుకుంది. ఆ తలుపులోంచి నేను మళ్ళీ ఎలా వెళ్ళను?

ఆమె చొక్కా చెయ్యి మడుచుకుని ఉందని మీరు రాశారు. అది చదవకపోయి ఉంటే బాగుండేది. లేదు, చదివినందుకే బాగుంది. నాకు తెలియడం లేదు.

మీ

సిస్టరు

*

కుట్టుమిషను గది నుంచి

తల్లీ,

విచారణ అయిపోయింది. ఎవరి నోటనో వినకముందే నా నోటితో నేనే చెప్పాలని ఇంటికి రాగానే కూర్చున్నాను. కాళ్ళు కూడా కడుక్కోలేదు.

పొడుగు బల్ల. అవతల పెద్ద డాక్టరు, పెద్ద సిస్టరు, టైపు చేసేవాడు. ఇవతల నేనూ మా తమ్ముడూ. తమ్ముడు కూర్చున్న దగ్గర నుంచి నా మోచెయ్యి పొడుస్తున్నాడు, ఆ ముక్క చెప్పు, ఆ ముక్క చెప్పు అని. పెద్ద డాక్టరు మర్యాదగానే మాట్లాడాడు. సిస్టరు మళ్ళీ వస్తానని మాట ఇచ్చిందా అన్నాడు. వస్తానందండీ, మాట ఇవ్వలేదు అన్నాను. రెంటికీ తేడా ఏమిటమ్మా అన్నాడు. నాకు తెలుసు కానీ ఎలా చెప్పాలో రాలేదు. మాటలు నా దగ్గర అంత లేవు. టైపు చేసేవాడు వేళ్ళు పైకెత్తి కూర్చున్నాడు. తమ్ముడు మళ్ళీ పొడిచాడు. ఇక, అవునండీ, వస్తానని రాలేదు, అనేసి లేచిపోదామనిపించింది, నిజం.

అంతలో ఆయన ఫోను మోగింది. ఎవరికో బాగాలేదట. ఆయన గబగబా లేచి, నాకు చేతులు జోడించి, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయాడు.

నేను కూర్చున్నాను. మా తమ్ముడూ కూర్చున్నాడు. టీలు తెచ్చారు, చల్లారాయి. పెద్ద సిస్టరు కాగితాలు సర్దుకుంటోంది. ఆయన వచ్చేదాకా ఉండాలా అని అడిగాను. లేదమ్మా, ఆయన ఆపరేషనుకు వెళ్ళారు, ఇక రారు, మిగతాది నాకు చెప్పి మీరు వెళ్ళొచ్చు అంది.

"మరి వస్తానన్నారు కదమ్మా?" అన్నాను.

నేను కావాలని అనలేదు తల్లీ, ఒట్టు. నిజంగానే తెలియక అడిగాను. ఇంత జరిగాక కూడా నాకు మళ్ళీ తెలియలేదు, చూడు. పెద్ద సిస్టరు నా మొహం చూసింది. చేతిలో కాగితాలు చేతిలోనే ఉండిపోయాయి. టైపు చేసేవాడు మెల్లిగా, ఇది కూడా రాయమంటారా మేడమ్ అన్నాడు. రాయి అంది ఆమె.

తర్వాత నాకు మాటలు దొరికాయి. ఆ అమ్మాయి సెలవు తీసుకుంది, మేము ఎదురుచూశాం, అంతే అన్నాను. దోషం ఆమె ఒక్కదాని మీద రాయకండి, లిఫ్టు మీద రాయండి, కౌంటరు మీద ట్రేలో కూర్చున్న మందు మీద రాయండి, ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కరి నెత్తిన వేసిన దాని మీద రాయండి అన్నాను. మీవాళ్ళను వెళ్తున్నాం అనమని బలవంతం చెయ్యకండి, అది మన నోటికి రాదు. వస్తామనే అననివ్వండి, కానీ ఎప్పుడు వస్తారో, ఈలోగా ఎవరు వస్తారో, వచ్చే మనిషిని పక్కన నిలబెట్టి చూపించమనండి. చెయ్యి చాపుకున్న పిల్ల ఏ తలుపు వైపు చూడాలో దానికి తెలియాలి. ఇలాగే అన్నానో లేదో, ఇంచుమించు ఇదే.

బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక మా తమ్ముడు, నేల చూస్తూ, రోజూ నీ దగ్గర నుంచి నేనూ అదే అని పోతున్నా కదక్కా అన్నాడు. వాడి కోపంలోంచి గాలి పోయింది. ఇప్పుడు వాడు ఏడవగలడు. మంచిదే.

నిన్ను క్షమించేశానని రాయమని అడగకు. కొన్ని పొద్దులు, నువ్వు బస్సులో నిద్రపోయావన్నది గుర్తొచ్చి మండుతుంది. కొన్ని పొద్దులు, పాపం అలిసిపోయిందిలే అనిపిస్తుంది. రెండూ ఒక్క కడుపులోనే ఉన్నాయి, ఉండనీ.

కానీ ఆ రాజీనామా చింపెయ్యి. నీ చెయ్యి నొప్పి తెలియనివ్వదని నా కూతురు అంది. అది మనుషుల గురించి ఊరికే మంచి మాట అనే రకం కాదు, నన్నడుగు. ఆ చెయ్యి దిండ్లు లెక్కపెడుతుంటే దానికి నచ్చదు. ఆ తలుపులోంచి ఎలా వెళ్ళను అన్నావు. అందరూ వెళ్ళినట్టే, కాళ్ళతోనే వెళ్ళు. కిటికీ పక్క మంచం మీద ఇప్పుడు ఎవరో ఉండి ఉంటారు. వాళ్ళకు జ్వరం ఉండి ఉంటుంది.

ఒక్కటి అడుగుతాను. మళ్ళీ వార్డుకు వెళ్ళే రోజు, బయలుదేరే ముందు నాకు చెప్పి వెళ్ళు. నా దగ్గర ఒక మాట మిగిలిపోయి ఉంది.

బొత్తాం వాళ్ళమ్మ

*

నర్సుల హాస్టలు నుంచి

అమ్మా,

చింపేశాను.

మీరు వెళ్ళాక వారం తిరక్కుండా పెద్ద సిస్టరు స్టోరుకు వచ్చారు. దుప్పటి మడత చూసి, ఇంత వంకరగా మడతపెట్టేదానివి ఇక్కడ పనికిరావు, వార్డుకు రా అన్నారు. ఆమె మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

నేను డ్యూటీలో చేరేది ఈ రోజే. కానీ నిన్న సాయంత్రం డ్యూటీ మారే వేళకు ఊరికే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి చూశాను. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ కలిసి మంచం మంచం తిరుగుతున్నారు. కళ్ళద్దాల సిస్టరు దిగుతోంది. పెద్దమ్మ మంచం దగ్గర ఆగి, "నేను రేపు మధ్యాహ్నం వస్తాను పెద్దమ్మా. అందాక నీ మందులు ఈమె ఇస్తుంది, మొహం చూసుకో" అంది. పెద్దమ్మ కొత్త సిస్టరును కిందా మీదా చూసి, సరే, వెళ్ళిరండి, ఈ పిల్లకు చెప్పు, నాకు మాత్ర విరిచి ఇవ్వాలని అంది. అప్పగింతలకు మునుపటి కంటే ఎక్కువసేపే పడుతోందని కొందరు సణుగుతున్నారు. లిఫ్టు ఇంకా బాగవలేదు. నిన్న కూడా ఒక మందు ఆలస్యంగా వచ్చింది. కానీ కౌంటరు మీద కూర్చోలేదు. దాని కోసం ఎవరు చూడాలో అందరికీ తెలుసు.

కిటికీ పక్క మంచం మీద ఒక టీచరమ్మ ఉంది. చెయ్యి దిండు మీదే పెట్టుకుంది. నేను దూరం నుంచే చూశాను. ఈ రోజు దగ్గరికి వెళ్తాను.

యూనిఫారం వేసుకున్నాను. చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయి. ఈ ఉత్తరం దారిలో డబ్బాలో వేస్తాను, మీకు చేరేసరికి నా మొదటి డ్యూటీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అయినా చెప్పి వెళ్ళమన్నారు కదా.

చాలా రోజులైంది ఎవరితోనూ అని.

వస్తానమ్మా.

*

కుట్టుమిషను గది నుంచి

తల్లీ,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. మిషను ఆపి, గుమ్మం దగ్గర నిలబడి చదువుకున్నాను. చివరి మాట దగ్గర చాలాసేపు ఆగాను. అక్షరాలు నీవి. గొంతు మాత్రం రెండు గొంతులుగా వినబడింది.

ఈసారి నా చేతిలో సంతకం కాగితం ఏమీ లేదు. తలుపు తీసే ఉంది. పైకే అన్నాను, వీధిలోకి వినబడేలా. ఎదురింటి వాళ్ళు తొంగిచూశారు, చూడనీ. ఇద్దరికీ కలిపి అన్నాను. నువ్వు దానితో పంచుకో.

వెళ్ళిరా అమ్మా.